పేరు ఒకరిది, నంబరు ఇంకొకరిది

"నాలుగింటికల్లా ఆమె సంతకం నా టేబుల్ మీద ఉండాలె సుమిత్రా. ఆ తర్వాత తెచ్చినా నాకక్కర లేదు."

ఇన్‌స్పెక్టర్ పురుషోత్తం ఆ మాట గొంతు పెంచకుండానే అన్నాడు. ఎస్సై సుమిత్ర తల ఎత్తలేదు. టేబుల్ మీద ప్లాస్టిక్ కవర్లో ఉన్న స్మార్ట్‌ఫోన్ వైపే చూస్తోంది. నల్లటి ఫోను, కొని నెల కూడా కాలేదు. దాని యజమాని శవం ఇప్పుడు దవాఖాన మార్చురీలో ఉంది.

చలో అసెంబ్లీకి ఇంకా రెండు రోజులున్నాయి. బందోబస్తు కోసం మహబూబాబాద్ నుంచి సుమిత్రను జనగామకు తెచ్చి నాలుగు రోజులైంది. ఊరి చివర ఖాళీగా ఉన్న ఒక ఫంక్షన్ హాలును పోలీసులు క్యాంపుగా మార్చుకున్నారు. ముందస్తుగా పట్టుకొచ్చిన ఉద్యమకారులను భోజనాల హాల్లో కూర్చోబెట్టారు. వాళ్ల నినాదాలు గోడలు దాటి ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి. గేటు అవతల అంతకు నాలుగింతల జనం.

వాళ్లంతా ఒకే పేరు పలుకుతున్నారు. శ్యాం. ఇక్కడి జూనియర్ కాలేజీలో లెక్చరర్, జేఏసీలో ముందుండి తిరిగిన మనిషి. పొద్దున రాళ్లు కొట్టేవాళ్లు క్వారీకి వెళ్లేసరికి గుంత అంచున అతని చెప్పులు, వాటి మీద ఈ ఫోను కనిపించాయి. కింద నీళ్లలో అతను. తెలంగాణ కోసం ప్రాణమిచ్చాడని జనం అంటున్నారు. కాదు, పెళ్లాంతో పడక చచ్చాడని పురుషోత్తం అంటున్నాడు.

"ఇది చూసినవా?" ఆయన కవర్లోంచే ఫోన్ తెరిచి సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒక పేజీ చూపించాడు. రిజెక్ట్ లిస్ట్. అందులో ఒకే ఒక నంబరు. "ఇది ఆయన భార్య రజనిది. సొంత మొగుడు పెళ్లాం నంబర్ బ్లాక్ చేసిండు. రెండ్రోజుల నుంచి ఆమె చేసిన కాల్స్ అన్నీ రిజెక్ట్ అయినట్టు లాగ్‌లో ఉన్నయి. ఇంతకన్నా ఏం కావాలె? కొట్లాడిన, మాటలన్న, అందుకే మనసు విరిగి సచ్చిండని ఆమె రాసిస్తది. కేసు క్లోజ్."

"రాసిస్తే ఆమె జైలుకు పోతది సార్. ఆత్మహత్యకు ఉసిగొల్పిందని కేసయితది."

"రాసియ్యకపోతే బయట శవయాత్ర అయితది. ఎల్లుండి హైదరాబాద్ దాక పోతది. నాది కూడా ఈ జిల్లానే సుమిత్రా. నాకూ తెలంగాణ రావాలనే ఉన్నది. కాని ఈ డ్రెస్ వేసుకున్నంక మన ఇష్టాలు బీరువాలో పెట్టుకోవాలె."

సుమిత్ర ఫోన్ తీసుకుంది. "నాలుగు దాక టైమిచ్చిండ్రు గద సార్. అప్పటిదాక ఇది నా కాడ ఉంటది."

రజనిని పెళ్లికూతురు గదిలో ఉంచారు. గోడంతా అద్దం, అద్దం చుట్టూ బల్బులు. ఎటు తిరిగినా తన ముఖమే కనిపిస్తున్న ఆ గదిలో ఆమె నేలమీద అద్దానికి వీపు పెట్టి కూర్చుంది. మొగుళ్లపల్లి సర్కారు దవాఖానలో నర్సు. డ్యూటీ చీరలోనే జీపెక్కించి తెచ్చారు. భర్త శవాన్ని ఇంకా చూడనివ్వలేదు.

"సంతకం పెడితే ఆయనను చూపిస్తరా మేడం?" అంది రజని, సుమిత్ర లోపలికి రాగానే. "గా సారు గట్లనే అన్నడు. కాయితం మీద ఏమున్నా సరే, పెడ్త. ఒక్కసారి చూడనియ్యుండ్రి."

"ఏం పెట్టకు." సుమిత్ర ఆమె ఎదురుగా నేలమీదే కూర్చుంది. "నేనడిగిన దానికి ఉన్నదున్నట్టు చెప్పు. మీరు కొట్లాడుకున్నరా?"

"మొన్నటిదాక లేదు. మొన్న పొద్దున్నుంచి ఫోన్ కలుస్తలేదు. ఒక్క రింగు పోతది, బిజీ అని వస్తది. ఎప్పుడు చేసినా గదే. పోలీసులకు దొరకకుండ తిరుగుతుండు గదా, కావాలని కట్ చేస్తుండనుకున్న."

"నిన్న ఆఖరుసారి ఎప్పుడు చేసినవ్?"

"డ్యూటీ దిగినంక. ఏడు దాటింది. బస్సుల్లేవు, దవాఖాన వరండాలనే కూసోని చేసిన."

సుమిత్ర లాగ్ చూసింది. ఏడూ పదికి ఒక కాల్. పక్కన ఎర్ర గీత, రిజెక్ట్ అయిందని గుర్తు. "అప్పుడు కూడా బిజీ అనే వచ్చిందా? కవరేజీల లేదని గాని, స్విచాఫ్ అని గాని రాలేదా?"

"లేదు మేడం. బిజీ అనే. ఒక్క రింగు, బిజీ." రజని కళ్లు తుడుచుకుంది. "నేనేం తప్పు చేసిన్నని నా నంబర్ పక్కకు పెట్టిండు? నాలుగొద్దుల కింద మాట్లాడినప్పుడు గూడ మంచిగనే ఉన్నడు. ఒక్కటే పరేషాన్ ఆయనకు. ప్రోగ్రాం పెట్టినప్పుడల్లా మావోళ్లు ఎవరింట్ల పండుకున్నరో పోలీసులకు ముందే తెలుస్తుందట. మనోళ్లలనే ఎవడో చెప్తుండు రజనీ, వాడెవడో నాకు ఎరుకైంది అన్నడు."

"పేరు చెప్పిండా?"

"ఫోన్ల చెప్పనన్నడు. ఇంటికొచ్చి చెప్తనన్నడు."

"ఈ కొత్త ఫోన్ల పేర్లు, నంబర్లు ఎవరెక్కించిండ్రు?"

"ఆయనకు గివన్నీ రావు. జేఏసీ ఆఫీసుల దోస్తులు ఎక్కించిచ్చిండ్రన్నడు."

తలుపు దగ్గర కానిస్టేబుల్ దగ్గాడు. టైమవుతోందని దాని అర్థం. సుమిత్ర లేచింది. రజని ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్లను ఒక్కొక్కటే విడిపించుకుని బయటికి రావలసి వచ్చింది.

వెనక గేటు నుంచి కానిస్టేబుల్ బండి మీద క్వారీకి వెళ్లేసరికి అక్కడ ఉపేందర్ ఎదురు చూస్తున్నాడు. శవాన్ని గుర్తుపట్టింది అతనే. శ్యాంతో పాటు ఒకే గదిలో ఉండేవాడు. జేఏసీలో ఇతని మాట మీద ఊరు కదులుతుంది. ఎర్రబడిన కళ్లతో నిలబడి, చెప్పులు దొరికిన రాయిని చూపించాడు. గుంత అంచున పలకలాంటి బండ. కింద చాలా లోతులో పచ్చటి నీళ్లు.

"గీడనే మేడం. చెప్పులు జోడుగ పెట్టి, మీద ఫోన్ పెట్టిండు."

"నిన్న సాయంత్రం మీరెక్కడున్నరు?"

"ఆఫీసులనే ఉన్న. ఇంటింటికి తిరిగి మందిని కూడగడుతున్నం. రాత్రి రూంకు పోతే ఈయన లేడు. ఎవరింట్లనో ఉన్నడనుకున్న."

"రజనితో గొడవలున్నయా?"

ఉపేందర్ నీళ్లవైపు చూశాడు. "చెప్పొద్దు గని, ఉన్నయి మేడం. ఉద్యమం ఇడిసిపెట్టుమని ఆమె రోజు లొల్లి. మొన్న కోపమొచ్చి నా ముంగటనే ఆమె నంబర్ బ్లాక్ చేసిండు."

"మరి పొద్దున గేటు కాడ మైకు పట్టుకొని తెలంగాణ కోసం పాణమిచ్చిండని చెప్పింది మీరే గద."

"జనానికి గది చెప్పాలె, మీకు నిజం చెప్పాలె." అతను కండువా కొసతో ముఖం తుడుచుకున్నాడు. "ఆయన పోనే పోయిండు. ఆయన పేరన్నా ఉద్యమానికి పనికొస్తదని."

ఆ మాట సుమిత్రకు ఎక్కడో గుచ్చుకుంది. కాని స్నేహితుడు పోయిన మనిషిని అంతకన్నా నిలదీయలేకపోయింది. క్వారీ వాచ్‌మన్ దగ్గరికి నడిచింది. ముసలివాడు నిన్నటి సంగతి గుర్తు చేసుకున్నాడు. బంద్ వల్ల పని లేదు. శ్యాం సార్ ఒక్కడే లోపలికి నడిచిపోవడం చూశాడు. ఐదు దాటాక నీళ్లలో ఏదో పెద్దది పడ్డ చప్పుడయింది. రాయి జారిందనుకున్నాడు. ఆరు కాకముందే ఇంటికి పోయాడు.

అంటే ఐదు దాటేసరికి శ్యాం నీళ్లలో ఉన్నాడు. ఫోను ఈ బండ మీద ఉంది.

సుమిత్ర బండ దగ్గరికి తిరిగి వచ్చి ఫోను చెప్పులున్న చోటే పెట్టింది. సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. జేబులోంచి తన ఫోను తీసింది. అదీ అంతే. చుట్టూ నిలువుగా కోసిన రాతిగోడలు. నాలుగు అడుగులు అటూ ఇటూ జరిగినా మార్పు లేదు.

"ఏమన్న దొరికిందా మేడం?" ఉపేందర్ దూరం నుంచే అడిగాడు.

"ఏం లేదు," అంది.

రోడ్డు మీదికి ఎక్కాకే రెండు ఫోన్లకూ గీతలు వచ్చాయి. బండి వెనక కూర్చుని ఆమె అదే ఆలోచిస్తూ పోయింది. కాల్‌ను తిప్పికొట్టాలన్నా ముందు అది ఫోను దాకా రావాలి. సిగ్నల్ లేని ఫోనుకు ఏ కాలూ రాదు. అవతలివాళ్లకు కవరేజీలో లేదనే వినిపిస్తుంది. రజనికి ఏడూ పదికి బిజీ అని వినిపించింది. లాగ్‌లో ఎర్ర గీత పడింది. అప్పుడు ఈ ఫోను క్వారీలో లేదు. శ్యాం చనిపోయాక రెండు గంటల పాటు ఎవరి చేతిలోనో ఉండి, ఆ తర్వాత వచ్చి చెప్పుల మీద కూర్చుంది.

ఇది ఆత్మహత్య కాదు, ప్రాణత్యాగమూ కాదు. ఈ సంగతి గేటు బయట చెబితే అమరుణ్ణి అవమానించారని రాళ్లు పడతాయి. గేటు లోపల చెబితే పురుషోత్తం వినడు.

హాలు పెరట్లో వంటపాత్రలు కడిగే చోట గట్టు మీద శ్యాం తండ్రి యోసేపు కూర్చున్నాడు. బొగ్గు బాయిలో పని చేసి దిగిపోయిన మనిషి. భూపాలపల్లి నుంచి ఎవరిదో ట్రాలీ పట్టుకుని వచ్చాడట. క్వారీ నుంచి తన బండి మీద ముందే చేరిన ఉపేందర్ ఆయన పక్కనే గ్లాసుతో నీళ్లు పట్టుకుని నిలబడ్డాడు.

"నా కోడలు మంచిది బిడ్డా," అన్నాడు యోసేపు, సుమిత్ర అడక్కముందే. "గా పిల్ల మీద బదనాం పెట్టకుండ్రి. నిన్న పగటీలి నా కొడుకు ఫోన్ చేసిండు. రజని జనగామకు వచ్చిందట నాయినా, మెసేజ్ పెట్టింది, కలిసి రేపు ఇంటికొస్తం అన్నడు. కొట్లాడుకున్నోళ్లు గట్ల కలిసి వస్తరా?"

సుమిత్ర ఆయన దగ్గరికి జరిగింది. "రజని జనగామకు వచ్చిందన్నడా? ఆమె రాత్రి దాక మొగుళ్లపల్లి దవాఖానలనే ఉన్నది బాపు."

"ఏమో బిడ్డా. మెసేజ్ పెట్టిందన్నడు. ఫోన్ చెయ్యొద్దు, పోలీసోళ్లు ఇంటరు అని గూడ పెట్టిందట."

"ఆమె ఏ నంబర్ నుంచి పెట్టింది, చెప్పిండా?"

"గామె నంబరే గదా. నా పాత ఫోన్ నీళ్లల్ల పడి అండ్ల ఉన్న పేర్లన్నీ పోయినయి. రజని నంబర్ పంపురా అంటే మొన్న పంపిండు. నేను చేస్తే ఒక్క రింగుకే కట్టయింది. డ్యూటీల ఉన్నదనుకున్న." ఆయన జేబులోంచి బటన్ ఫోన్ తీసి ఇచ్చాడు.

మెసేజ్‌లో కొడుకు పంపిన కాంటాక్ట్ కార్డు ఉంది. పేరు రజని. కింద నంబరు.

అది రజని నంబరు కాదు.

సుమిత్ర పెన్ను తీసి ఆ పది అంకెలూ అరచేతిలో రాసుకుంది. శ్యాం ఫోన్లో రజని పేరు తెరిచింది. అక్కడ అసలు నంబరే ఉంది. ఎవరో పని అయ్యాక సరిచేసి పెట్టారు. కాని మొన్న తండ్రికి పంపేనాటికి ఆ పేరు కింద వేరే నంబరు ఉండేది. ఆ సంగతి శ్యాంకే తెలియదు.

"ఏంది మేడం? జర మాకు గూడ చెప్పుండ్రి," అన్నాడు ఉపేందర్.

"సార్‌కు చెప్పి చెప్త." ఆమె ఫోను ముసలాయనకు తిరిగి ఇచ్చింది. "ఇది పైలం బాపు. ఎవరికీ ఇయ్యకు. నువ్వు ఈడనే కూసో, ఎటూ పోకు."

లోపలికి నడుస్తూనే తన ఫోన్ నుంచి ఆ నంబరుకు చేసింది. ఒక్క రింగు. బిజీ. కానిస్టేబుల్ ఫోన్ అడిగి తీసుకుని మళ్లీ చేసింది. ఒక్క రింగు. బిజీ. ఆ ఫోను తనకు తెలిసిన నంబర్లను తప్ప ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు.

పురుషోత్తం గది తలుపు మూసి ఉంది. లోపల జిల్లా ఆఫీసర్లతో వైర్‌లెస్ సెట్ మీద కాన్ఫరెన్సు నడుస్తోంది. సుమిత్ర బయట బెంచీ మీద కూర్చుంది. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. ఎదురుగా పెళ్లికూతురు గది తలుపుకు గొళ్లెం పెట్టి ఉంది. గేటు దగ్గర నినాదాలు ఆగి పాట మొదలైంది. తలుపు తెరుచుకునేసరికి నాలుగుకు ఇంకా కొద్దిసేపే ఉంది.

"సంతకమేది?" అన్నాడు పురుషోత్తం.

"ఇది మర్డర్ సార్."

ఆమె క్వారీలో సిగ్నల్ సంగతి చెప్పింది. ఏడూ పదికి పడిన ఎర్ర గీత చూపించింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి విన్నాడు.

"మొన్న ఎవరో శ్యాం ఫోన్ పట్టుకొని రెండు పనులు చేసిండ్రు. రజని పేరు కింద ఆమె నంబర్ తీసేసి తమ నంబర్ పెట్టిండ్రు. ఆమె అసలు నంబర్‌ను రిజెక్ట్ లిస్ట్‌ల వేసిండ్రు. అప్పటిసంది అసలు రజని ఎంత చేసినా ఆయనకు రింగు వినబడదు. ఆ దొంగ నంబర్ నుంచి మెసేజ్ వస్తే మాత్రం రజని అని పేరు పడ్తది. ఇయ్యాల రేపు నంబర్ ఎవరు చూస్తున్నరు సార్? పేరు చూసి, రజనే రమ్మన్నదనుకొని క్వారీకి పోయిండు."

"పోయి?"

"పోయినంక తోసేసిండ్రు. ఫోన్ తీస్కపోయి మెసేజ్‌లు చెరిపిండ్రు, రజని పేరు కింద అసలు నంబర్ మళ్ల ఎక్కించిండ్రు. బ్లాక్ మాత్రం గట్లనే ఉంచిండ్రు, మనం చూడాలని. చీకటి పడ్డంక తెచ్చి చెప్పుల మీద పెట్టిండ్రు."

"కథ బాగుంది. నంబర్ ఏది?"

సుమిత్ర అరచెయ్యి చూపించింది. పురుషోత్తం ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. ఆ అంకెలు ఆయనకు ఏమీ చెప్పలేదు. "చేసి చూసినవా?"

"నా ఫోన్‌కు, కానిస్టేబుల్ ఫోన్‌కు బిజీ వస్తంది."

"అంటే లేని నంబర్ తెచ్చి నా టైం తింటున్నవ్." తన ఫోను తీసి టేబుల్ మీదుగా ఆమె వైపు తోశాడు. "ఇగో, నా దాంట్ల కెళ్లి చెయ్యి. ఎవడన్న ఎత్తితే నేనింట. ఎత్తకపోతే పోయి సంతకం పట్టుకొని రా."

ఆమె అంకెలు నొక్కుతూ పోయింది. ఏడో అంకె దగ్గర స్క్రీన్ మీద ఒక పేరు పైకి తేలింది. పదో అంకె నొక్కాక ఆ ఒక్క పేరే మిగిలింది.

టెంట్ హౌస్.

పురుషోత్తం ఫోన్లో ఈ నంబరు ముందే ఉంది.

ఆయన ఇంకా కిటికీ వైపే చూస్తున్నాడు. సుమిత్ర కాల్ నొక్కి స్పీకర్ పెట్టింది. ఒక్క రింగు కూడా పూర్తిగా పోలేదు.

"సార్, చెప్పుండ్రి. రజని సంతకం పెట్టిందా?"

ఉపేందర్ గొంతు. కిటికీ వైపు ఉన్న పురుషోత్తం తల గిరుక్కున తిరిగింది.

"మీరు చుట్టాలందర్ని పంపియ్యమన్నరట గద సార్, ముసలాయనను నేనే ఎక్కించుకున్న. రఘునాథపల్లి దాటినం. చాయ్ తాగుతుండు, నేను పక్కకొచ్చి మాట్లాడుతున్న. ఈయన ఫోన్ల ఒక మెసేజ్ ఉన్నది, గా ఎస్సైకి గూడ చూపించిండు. గది ఉండొద్దు. ముసలాయన నోరు గూడ మంచిది కాదు. ముంగట కాలువ ఉన్నది, నేను చూసుకుంట. మీరు సంతకం జల్ది పెట్టియ్యుండ్రి. సార్? లైన్ల ఉన్నరా?"

పురుషోత్తం చెయ్యి చాచి కాల్ కట్ చేశాడు. ఆయన ముఖంలో నెత్తురు లేదు. తర్వాత ఆయన లేచి వెళ్లి తలుపు గడియ పెట్టాడు.

"వాడు చంపిండని నాకు తెల్వదు," అన్నాడు తలుపుకు ఆనుకుని. "ఎవరు ఏడ పండుకున్నరో చెప్తడు, అంతే. శ్యాంకు అనుమానమొచ్చిందని చెప్పిండు. నేను చూసుకుంటనంటే సరే అన్న. భయపెడతడనుకున్న."

"తలుపు తియ్యుండ్రి సార్."

"బయటున్నోళ్లకు వాడు దేవుడు. వాడు మా మనిషని తెలిస్తే ఈ హాలు తగలబెడతరు. లోపల నువ్వూ నేనూ ఉంటం, వాళ్లోళ్లూ ఉంటరు. నువ్వు బయటికి పోయి ఏం చెప్తవ్? ఎవరికి చెప్తవ్?"

గడియ మీద ఆయన చెయ్యి. కిటికీకి ఇనుప చువ్వలు. ఆయన అడిగిందీ నిజమే. పై ఆఫీసరుకు చెబుదామంటే పై ఆఫీసరు ఈయనే. ఊరికి చెబుదామంటే ఊరు ఉపేందర్ చెప్పిందే వింటుంది. ముసలాయనను ఎటూ పోకని చెప్పి కూర్చోబెట్టింది తనే. ఇన్నాళ్ల సర్వీసు వెలగబెట్టి కూడా, ఆయన పెరట్లోనే ఉన్నాడనుకుని అరగంట బెంచీ మీద కూర్చుంది.

"సార్," అంది. "ఇప్పుడు పోయిన కాల్ మీ నంబర్ నుంచి పోయింది. మీరు ఫోన్ల చెరిపినా కంపెనీ కాడ ఉంటది. యోసేపు బాపు శవం కాలువల దొరికితే, దానికి ముందు వాడు మాట్లాడిన ఆఖరి మనిషి మీరే అయితరు. శ్యాం సంగతి మీకు తెల్వదంటే నేను నమ్ముత. దీని సంగతి తెల్వదంటే ఎవరూ నమ్మరు."

పురుషోత్తం కళ్లు మూసుకున్నాడు. గోడ అవతల భోజనాల హాల్లో ఎవరో అన్నం కోసం పళ్లెం వాయిస్తున్నారు. చివరికి గడియ కదిలింది.

"జీపు తీస్కపో," అన్నాడు. "నేనేం చెప్పలేదు. నువ్వేం వినలేదు."

సుమిత్ర పరుగెత్తింది. డ్రైవరు లేడు. తనే జీపెక్కి గేటు తీయించింది. ఇరవై గజాలు కూడా పోకముందే బ్రేకు వేయవలసి వచ్చింది. వరంగల్ రోడ్డు అడ్డంగా పొయ్యిలు పెట్టారు. వంటావార్పు. పెద్ద డేగిశాల్లో అన్నం ఉడుకుతోంది, రోడ్డు పొడవునా విస్తళ్ల ముందు జనం బాసిపట్లు వేసి కూర్చున్నారు. మధ్యలో గరిటె పట్టుకుని నిలబడ్డ సత్తమ్మ అనే పెద్దావిడ జీపుకు ఎదురొచ్చింది.

"అన్నం తిని పో బిడ్డా. పోలీసోళ్లకు గూడ పెడ్తం. తొవ్వ మాత్రం ఇయ్యం."

"అవ్వా, ఒక ముసలాయన పాణం మీదికొచ్చింది. శ్యాం వాళ్ల నాయిన. నేను రఘునాథపల్లి దిక్కు పోవాలె. జర జరుగుండ్రి."

"యోసేపన్నకా?" సత్తమ్మ నవ్వింది. "ఆయనకేం ఫికర్ లేదు. మా ఉపేందర్ ఎంబడి ఉన్నడు గద. ఇందాకనే గీ తొవ్వనే బండి మీద తీస్కపోయిండు, మేమే ఇడిసినం."

ఉపేందరే ఆయనను చంపబోతున్నాడన్న మాట సుమిత్ర నాలుక చివరి దాకా వచ్చింది. విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లు చేతులు ఆపి ఆమెనే చూస్తున్నారు. ఆ చూపుల్లో ఆ మాటకు చోటు లేదు.

"ఆయనతోనే పని ఉన్నది అవ్వా. తొవ్వ ఇయ్యి, నీ కాళ్లు మొక్కుత."

"గట్ల అనకు బిడ్డా, నా బిడ్డలెక్క ఉన్నవ్. ఉపేందర్ చెప్తె ఇప్పుడే పొయ్యిలు జరుపుతం." గరిటె పక్కవాళ్లకిచ్చి ఆమె కొంగు ముడి నుంచి ఫోన్ తీసింది.

"వద్దు అవ్వా, ఫోన్ చెయ్యకు."

అప్పటికే ఆమె చెవి దగ్గర పెట్టుకుంది. అవతల వెంటనే ఎత్తారు.

"ఉపేందరూ, ఎస్సై మేడం నీ ఎంబడే వస్తనంటుంది. యోసేపన్న పాణానికి ఏమో అంటుంది. తొవ్వ ఇయ్యమంటవా?"

సత్తమ్మ వింది. తల ఊపింది. మళ్లీ వింది. అవతలి నుంచి ఏం చెబుతున్నారో సుమిత్రకు వినిపించలేదు. జీపు ఇంజను ఆగిపోయిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

సత్తమ్మ ఫోన్‌ను కొంగుతో తుడిచి జీపు కిటికీలోంచి లోపలికి చాచింది.

"నీతోటే మాట్లాడుతడట బిడ్డా."